ఆరో రేవులో కూనిరాగం

"మూడు ప్రశ్నలండీ. జవాబులు చెబితే బ్యాడ్జి ఇస్తాం. బ్యాడ్జి ఉన్నవాళ్లకే ఆట" అంది పడవక్క.

పెద్దావిడ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

పడవక్క అసలు పని కళ్లద్దాల షాపులో అద్దాలు బిగించడం. ఏడాదికి ఒక్క ఆదివారం మాత్రం తలకి నీలం గుడ్డ చుట్టి, అట్టతో చేసిన తెడ్డు పట్టుకుని, 'లాంతర్ల లోయ' అనే పాత వీడియో గేమ్‌లో పడవ నడిపే పిల్ల అయిపోతుంది.

ఆ ఆటంటే ప్రాణం పెట్టే ముప్ఫైమంది ఆ రోజు ఈ అద్దె హాల్లో కలుస్తారు.

"నలభై దగ్గర పడుతున్నాయి. నీ పడవ ఇంకా ఏ ఒడ్డుకీ చేరలేదా?" అని వాళ్లమ్మ దెప్పుతూనే ఉంటుంది.

"పడవలో లాంతర్లు ఎన్ని?" అడిగింది పడవక్క.

"ఏడు."

"పడవ రంగు?"

"ఎరుపు."

"నీలమండీ."

"అలాగా. వాడు తర్వాత మార్చేశాడేమో" అంది పెద్దావిడ తనలో తను.

వెనక గుడ్లగూబ కిసుక్కున నవ్వాడు. ఆటలోని గుడ్లగూబ టోపీ పెట్టుకున్న ఈ మహానుభావుడు మామూలు రోజుల్లో బ్యాంకు గుమాస్తా.

"ఇదే ఆఖరిది. ఆరో రేవులో పడవ ఆపి, ఏ బటనూ నొక్కకుండా ఉంటే ఒక కూనిరాగం వినిపిస్తుంది. చివర టంగుమని చప్పుడు. తర్వాత పాట మళ్లీ మొదలవుతుంది. అది ఎవరి పాట?"

పెద్దావిడ ఒళ్లో సంచి సర్దుకుంది.

"ఎవరో ఇంట్లో పని చేసుకుంటూ పాడుకుంటున్నట్టు ఉంటుందమ్మా."

"తప్పండీ. నీళ్లలో మునిగిపోయిన రాణి పాట అది. ఆ టంగుమనేది ఆమె కడియం రాతికి తగిలిన చప్పుడు. పదేళ్లు వాదించుకుని తేల్చాం."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనడంలో ఈ ముప్ఫైమందిని మించినవాళ్లు లేరు.

"రాణా?" పెద్దావిడ ముఖం విప్పారింది. "పోనీ, రాణే అనుకోండి. అదే బాగుంది."

ఆమె లేవలేదు.

"ఆ పాట ఒక్కసారి వినిపిస్తారా అమ్మా? మా తమ్ముడు పగలూ రాత్రీ ఈ ఆటతోనే ఉండేవాడు. వంటింటి పక్కనే వాడి గది. ఇప్పుడు లేడు."

పడవక్కకు జాలేసింది. కానీ పెద్దావిడ వెనక వరసలో పదిమంది నిలబడి ఉన్నారు.

"అందరిదీ అయ్యాక చూద్దామండీ. అలా కూర్చోండి" అంది. ఆ తర్వాత మర్చిపోయింది.

నిజానికి ఆ పాట కోసం పడవక్క తిరగని చోటు లేదు.

పదేళ్ల వయసులో మెడలో తాళంచెవి వేసుకుని బడి నుంచి ఇంటికొచ్చేది. అమ్మ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఎనిమిదయ్యేది. ఖాళీ ఇల్లంటే భయం. టీవీకి ఆట తగిలించి, ఆరో రేవులో పడవ ఆపి, ఆ కూనిరాగం వింటూ హోంవర్కు చేసుకునేది. ఇంట్లో ఎవరో ఉన్నట్టే ఉండేది.

కదిలితే బటను తగిలి పాట ఆగిపోతుందని, కాలు తిమ్మిరెక్కినా కదిలేది కాదు.

ఆట చివర వచ్చే పేర్లలో పాడినవాళ్ల పేరు లేదు. ఇరవై ఆరేళ్లుగా కనబడినవాళ్లనల్లా అడిగింది, ఉత్తరాలు రాసింది. ఆ మనిషి దొరికితే చెప్పాల్సిన మాట ఒక్కటే. మీరు ఉండబట్టి నాకు భయం వెయ్యలేదండీ, అని.

సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. గుడ్లగూబ కుర్చీలు మడతపెడుతున్నాడు. పడవక్క టీవీ వైరు ఊడదీసి చేతికి చుట్టుకుంటోంది.

కూనిరాగం వినిపించింది.

"ఆట ఎవరు ఆపలేదర్రా? ఆపండి" అంది తలెత్తకుండా.

"వైరు నీ చేతిలోనే ఉంది కదక్కా" అన్నాడు గుడ్లగూబ.

పడవక్క ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

పాట హాలు వెనక టీ గదిలోంచి వస్తోంది. అదే రాగం. మూడోసారి పైకి వెళ్లేచోట గొంతు కాస్త జీరపోవడం కూడా అదే.

వెళ్లాలి. కానీ కాళ్లు కదల్లేదు. కదిలితే పాట ఆగిపోతుందన్న చిన్నప్పటి భయం ఇంకా ఒంట్లోనే ఉంది. ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా నిలబడింది.

టంగుమంది.

మళ్లీ మొదలవుతుందని ఎదురుచూసింది. ఆటలో ప్రతిసారీ మొదలవుతుంది.

మొదలవలేదు.

"అక్కా, ఏమైంది?" గుడ్లగూబ వచ్చి భుజం తట్టాడు.

అప్పుడు పరుగెత్తింది. టీ గదిలో ఎవరూ లేరు. వెనక తలుపు తీసి ఉంది. వీధి చివరిదాకా వెళ్లి చూసింది. బస్సు మలుపు తిరుగుతోంది.

తిరిగొచ్చి టీ గదిలో కప్పులు కడిగే తొట్టి దగ్గర నిలబడింది. పక్కన బండ మీద ముప్ఫై కప్పులు వరుసగా బోర్లించి ఉన్నాయి. చివర్లో పెట్టిన స్టీలు గిన్నె నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

పడవక్క ఆ గిన్నె తీసి మళ్లీ బండ మీద పెట్టింది.

టంగుమంది.

ఇరవై ఆరేళ్లుగా ఆమె వెతుకుతున్న రాణి, పాట వినకుండా, బ్యాడ్జి లేకుండా, వాళ్లందరి ఎంగిలి కప్పులూ కడిగిపెట్టి వెళ్లిపోయింది.