అడ్డుపడ్డ పూలు

“నిచ్చెన ఎక్కకు, కొమ్మ ఇరుగుతది. కిందికెల్లే సూడు బిడ్డా!”

మొగులమ్మ గద్దింపుకి మహిత నిచ్చెన వదిలేసి, మద్దిచెట్టు మీదికి కెమెరా ఎత్తింది. భానూర్ ఊరు దాటాక మిగిలిన ఆ చిన్న అడవికి అవతలి అంచున రంపాలు అప్పటికే మోగుతున్నాయి. గోదాములకు రోడ్డు పడుతోంది.

పల్లపు అడవుల్లో ఏ రకం ఆర్కిడ్లు ఎక్కడున్నాయో వెతకడం మహిత పరిశోధన. రెండేళ్ల కిందట ఈ అడవంతా గాలించింది. ఒక్కటీ కనబడలేదు. నిన్న, ఇక్కడ మేకలు కాచుకునే మొగులమ్మ ఫోన్ చేసింది. “చెట్ల మీద బదనికలు పూసినయి, జల్దీ రా!” ఆర్కిడ్లను ఆమె పిలిచే పేరు అది.

నిజంగానే పూశాయి. ఒక కొమ్మకు గోధుమరంగు గళ్ల రేకులు, మధ్యలో ఊదా నాలుక. పక్క చెట్టుకు ఎర్రచారల పసుపు పూలు. పూత లేనప్పుడు ఉత్త ఆకులు కంటికి ఆనలేదేమో అనుకుని మహిత తనను తానే తిట్టుకుంది.

జీపు వచ్చి ఆగింది. మహిత కబురు అందుకున్న అటవీ అధికారి సూర్యారావు దిగాడు. వెనకే రోడ్డు కాంట్రాక్టరు.

“ఏంది సార్, గడ్డిపూలకు పని ఆపుతరా?”

సూర్యారావు మహిత వైపు తిరిగాడు. “ఇక్కడ ఆర్కిడ్లు లేవన్న మీ మాట మీదే అనుమతి ఇచ్చామమ్మా. ఇప్పుడు ఉన్నాయంటే ఎట్లా?”

మహిత కెమెరా దించింది. “అప్పుడు నేను చూడలేకపోయాను సార్.”

“ఇవి ఇక్కడివేనా? రేపు ఎవరైనా అడిగితే నిలబడతారా?”

రంపం చప్పుడు ఇంకాస్త దగ్గరికొచ్చింది. ఎక్కడో ఓ చెట్టు ఫెళ్లున విరిగి పడింది.

“నిలబడతాను. నా పేరే రాసుకోండి.”

సూర్యారావు తలెత్తి ఆ పూలను చూశాడు. తర్వాత కాంట్రాక్టరుతో అన్నాడు. “మళ్లీ సర్వే అయ్యేదాకా రంపం పెట్టొద్దు.”

కాంట్రాక్టరు గొణుక్కుంటూ వెళ్లాడు. కాసేపటికి రంపాలు ఆగిపోయాయి. జీపు కూడా కదిలింది. మహిత చెట్టు మొదట్లో కూలబడి మొగులమ్మ చేతులు పట్టుకుంది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

“నువ్వు పిలవకపోతే ఈ అడవి పోయేదమ్మా. ఇంకెక్కడైనా ఉన్నాయా ఇవి?”

మొగులమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“నిరుడు కొట్టేసిన గుట్టమీది చెట్లకెల్లి తెచ్చినయి ఇంట్ల ఇంకో గంపెడున్నయి, యాడ కట్టమంటవ్?”