మూలకు దండం

“నౌకరి నీదే అనుకో అన్నా. పోయి గా పియానో ముందట కూసునుడే మిగిలింది,” అన్నాడు విజేందర్ ఫోన్లో.

నాగార్జునసాగర్ ఒడ్డున కొత్తగా కట్టిన రిసార్టువాళ్లు హైదరాబాద్ నుంచి పియానో తెప్పించారు. సాయంత్రాలు హాల్లో వాయించే మనిషి కావాలన్నారు. ఆర్కెస్ట్రాలో పాడే విజేందర్ వెనకాముందూ చూడకుండా దివాకర్ పేరు చెప్పాడు.

చెప్పడా మరి! దివాకర్ కీబోర్డు మోగకుండా నల్గొండ చుట్టుపక్కల పెళ్లిళ్లు జరగని రోజులుండేవి. శనివారం భజన, ఆదివారం చర్చి, బతుకమ్మ పాటలు, గజళ్లు, ధూంధాం. ఏదైనా ఆయనకు నల్లేరు మీద బండి నడకే. పాడేవాడు ఒకటిన్నర శ్రుతిలో ఎత్తుకున్నా, వెంటనే ఆడపిల్ల వచ్చి ఐదున్నరలో అందుకున్నా, కన్ను మూసి తెరిచేలోగా దివాకర్ ఆ శ్రుతిలో ఉండేవాడు. అదెలాగో తోటి వాద్యగాళ్లకే అంతుపట్టేది కాదు.

ఇక ఆయన భక్తి సంగతి. పాట మొదలయ్యే ముందు ఎడమచేత్తో కీబోర్డు మూలను తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకునేవాడు. ఒకసారి కాదు, పాట పాటకూ అంతే. చదువులతల్లికి దండం పెట్టనిదే దివాకర్ వాయించడని జనం చెప్పుకునేవాళ్లు. ఆయన్ను చూసి చూసి విజేందర్ మైకుకు దండం పెట్టడం నేర్చుకున్నాడు.

ఆ వైభవమంతా డీజే బండ్లు రాకముందు. వెయ్యి పాటలు ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టాక, స్టేజీ మీద కీబోర్డు మనిషికి కుర్చీ దండగైంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు కరోనా వచ్చింది. మిగిలిన నాలుగు ప్రోగ్రాములూ పోయాయి. చివరికి ఏ ఫంక్షన్ హాలు స్టేజీ మీద శాలువా కప్పించుకున్నాడో, అదే హాలు గేటు దగ్గర వాచ్‌మన్‌గా రమ్మన్నారు. సోమవారం చేరాలి. ఖాకీ చొక్కా ముందే ఇచ్చేశారు. తలుపు వెనక మేకుకు వేలాడుతున్న ఆ చొక్కాను చూస్తుంటే దివాకర్‌కు ముద్ద దిగడం లేదు.

భార్య సుమన పాత కీబోర్డు మీద దుమ్ము తుడుస్తోంది. తెల్లమెట్లు అరిగి పసుపురంగుకు తిరిగాయి. నల్లమెట్లు మాత్రం కొన్ననాటిలాగే నిగనిగలాడుతున్నాయి.

“పియానో ఎన్నడన్న ముట్టినవా?” అంది.

“సినిమాలల్ల చూసిన.”

“మరి వస్తదా నీకు?”

“గింత పెట్టెలనే అన్నీ ఉన్నయి. గంత పెద్దదాంట్ల ఇంకెన్నుండాలె!” అన్నాడు దివాకర్. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

సుమన ఖాకీ చొక్కాను మేకు మీంచి తీసి మడత పెట్టింది. “జర మంచిగ వాయించు. దీన్ని వాపస్ ఇచ్చేద్దాం,” అంది.

సాగర్ బస్సులో దారి పొడుగునా దివాకర్ వేళ్లు ముడుస్తూ, చాపుతూ కూర్చున్నాడు. ఆయనకు ఇంకే పనీ రాదు. వయసు యాభై దాటింది. ఇది కాకపోతే గేటే.

రిసార్టు హాల్లో పియానో ఎడ్లబండంత ఉంది. మేనేజర్ సుహాసిని ఎదురొచ్చి కూర్చోబెట్టింది. ఓనర్ అమరేందర్ పెద్దాయన, పాటలంటే పడి చస్తాడు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

“విజేందర్ నీ గురించి అంతా చెప్పిండు. నాకు పరీక్షలు గిరీక్షలు తెల్వయి. నేనొక పాట పాడుత, నువ్వు వాయించు. కుదిరితే రేపటి సంది నీదే నౌకరి. గంతే!”

“సరే సార్,” అన్నాడు దివాకర్.

అమరేందర్ గొంతు సవరించుకుని పల్లవి ఎత్తుకున్నాడు. నేర్చిన గొంతు కాదు. ఎక్కడ పడితే అక్కడ, తనకు అందిన శ్రుతిలో మొదలుపెట్టాడు.

దివాకర్ ఎడమచెయ్యి అలవాటుగా మూలకు వెళ్లింది. నున్నటి కట్టె తగిలింది. వేళ్లు అక్కడే కాసేపు తచ్చాడాయి. చెయ్యి కుడి మూలకు జరిపాడు. అక్కడా కట్టే. మెట్ల పైన పలకంతా తడిమాడు, వంగి కింద తడిమాడు. మళ్లీ ఎడమ మూలకే వచ్చాడు.

అమరేందర్ పాట ఆపేశాడు.

“ఏమైంది సార్?” అంది సుహాసిని మెల్లగా.

“దండం పెట్టుకుంటుండమ్మా. గది అయినంకనే వాయిస్తడట. విజేందర్ చెప్పిండు. అడ్డం రాకు,” అంటూ పెద్దాయన కాళ్ల చెప్పులు విడిచాడు. సుహాసిని కూడా విడిచింది.

దివాకర్ పియానో మూలకు తల ఆనించాడు. కళ్ల ముందు మడతపెట్టిన ఖాకీ చొక్కా కదిలింది. కన్నీళ్లు ఆగలేదు.

“గిసువంటి భక్తి నేనెక్కడ చూడలే,” అని చేతులు జోడించాడు అమరేందర్.

పాతికేళ్లుగా దివాకర్ తాకుతూ వచ్చిన ఆ మూలన, కీబోర్డుకైతే, వేళ్లు ఎన్నడూ నల్లమెట్లు ముట్టకపోయినా నాదాన్ని పాడేవాళ్ల శ్రుతికి మార్చిపెట్టే చిన్న బటన్ ఉంటుంది.