పదకొండు సంతకాలు

బడి నుంచి కవరు రాని వారం లేదు. పండగ బాజాకి చందా, బాస్కెట్‌బాల్ చొక్కాలకి చందా, ఫాదర్‌గారి కొత్త మైకుకి చందా. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో కాపురం ఉండటమంటే కవర్లు అందుకోవడమేనని పెర్లా విసుక్కునేది. ఆమెకో సూత్రం ఉంది. విప్పితే ఇవ్వాలి, విప్పకపోతే అందనట్టే. కొడుకు ఓనింగ్ సంచిలో తెచ్చినవన్నీ విప్పకుండానే, వెనకవైపు సరుకులు రాసుకునే కూరల చీటీలయ్యేవి.

ఎదుగుదల మందగించిన పిల్లలకి ఆ చుట్టుపక్కల ఉన్నది ఆ ఒక్క బడే. ఓనింగ్‌కి అందులో చోటు దొరకడానికి రెండేళ్లు పట్టింది. అంతకుముందు మూడు బళ్లు వాణ్ని వద్దన్నాయి.

ఆ సోమవారం గేటు దగ్గర అమ్మలందరూ ఒకటే గుసగుసలు. పోయిన నెల పిల్లలకి చేసిన రక్తపరీక్షలో ఒకరికి హెపటైటిస్-బి ఉన్నట్టు తేలిందట. ఎవరికన్నది మాత్రం టీచర్లు చెప్పరట.

“ఎవరై ఉంటారొదినా?” అని పెర్లాని అడిగింది వాళ్లలో ఒకతె, లుడివినా.

“ఎవరైతేనేం, బళ్లోంచి తీసెయ్యాలి. మావాడసలే అందరి కంచాల్లో చెయ్యి పెడతాడు,” అంది పెర్లా.

“కొరుకుతాడు కూడా,” అంది లుడివినా మోచెయ్యి తడుముకుంటూ.

“అది ప్రేమ.”

అర్జీ రాద్దామంటే ఎవరి దగ్గరా కాగితం లేదు. పెర్లా తన సంచి వెతికి పాత కూరల చీటీ ఒకటి తీసింది. కాకరకాయలు, ఎండుచేపలు అన్న మాటల కింద ‘ఆ బిడ్డను వెంటనే బడి మాన్పించాలి’ అని రాసింది. పదకొండు మంది సంతకాలు పెట్టారు. మొదటిదీ, అన్నిటికంటే పెద్దదీ పెర్లాదే.

మిగతావాళ్లని గుమ్మం దగ్గర ఉంచి పెర్లా అర్జీతో లోపలికి వెళ్లింది. సలుద్ టీచర్ ఓపిగ్గా చెప్పింది. కలిసి కూర్చుంటే, కలిసి తింటే అది అంటదు. రక్తం తగిలితేనే భయం. మిగతా పిల్లలందరికీ మూడు టీకాలూ పడ్డాయి. ఎవరికి దెబ్బ తగిలినా గ్లవుజులు వేసుకునే కట్టు కడతారు. ఎవర్నీ మాన్పించక్కర్లేదు.

పెర్లా చెవికెక్కలేదు. “ఆ ఇంటివాళ్లకైనా చెప్పారా?”

“రెండు వారాల కిందటే ఉత్తరం పంపాం, డాక్టరుకి చూపించమని. ఉలుకూ పలుకూ లేదు.”

“చూశారా. అన్నీ తెలిసి గుట్టుగా పంపిస్తోందంటే అదేం తల్లండీ? అలాంటివాళ్లని వదలకూడదు.”

సలుద్ అర్జీ అందుకుని కాకరకాయల దగ్గర్నుంచి చివరి సంతకం దాకా చదివింది. వెనక్కి తిప్పింది. అటువైపు బడి ముద్ర ఉంది, అంటించిన కవరు అంటించినట్టే ఉంది. లేచి వెళ్లి తలుపు దగ్గరకి వేసి వచ్చింది.

“దీన్ని విప్పలేదా, పెర్లాగారూ?”

“చందా కవర్లు నేను విప్పనండీ. ఎందుకు?”

సలుద్ దాన్ని రెండు చేతులతో ఆమె ముందుకి జరిపింది.

“ఈ కవరు ఒక్క ఇంటికే పంపామండీ.”