పాట కట్టినవాడి పేరు

తిరుత్తణి పెళ్లిమండపంలో బంతి భోజనం మధ్యలో దామోదరం ఫోను మోగింది. అతని పాటను మళ్లీ పాడి ఊరూరా మోగించిన పెద్ద గాయని ఆఫీసు నుంచి. “బాణీ కట్టిందెవరు సార్? పేరు వేస్తాం.”

ఈ పిలుపు కోసమే ఏడాదిగా కాచుకున్నాడు. అది బ్లూస్ రాక్ పాట. అంటే కరెంటు గిటారు పట్టుకుని ఏడవడమని అతనే పక్కింట్లో ఉండే నాకు చెప్పాడు. ఏడవడానికి కరెంటెందుకని నేనడగలేదు. మా తిరువళ్లూరులో కరెంటనేది ఉంటే గదా!

పక్కన భార్య దేవకి అప్పడం విరుస్తోంది. ఆ రాగం నిజానికి ఆమెది. అన్న శవం మీద పడి ఆమె ఒప్పారి పాడి ఏడిస్తే, ఆ ఏడుపును చెప్పకుండా గిటారుకెక్కించాడు. ఇంట్లో ఆ పాట పెడితే ఆమె లేచి వాకిట్లోకి పోయేది. గిటారు మోత పడదేమోలే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఫోనును అరచేత్తో మూశాడు. “దేవకీ, నీ పేరు చెప్పేస్తానే. అది నీ ఏడుపే.”

“తెలుసులే మామా. మొదటి దినమే కనుక్కున్న్యా.”

మైకుసెట్టులో ఆ పాటే మోగుతోంది. పెళ్లికూతురి స్నేహితురాళ్లు ఆడుతున్నారు. దేవకి వాళ్లనే చూస్తోంది.

“సావింటి ఏడుపని తెలిస్తే ఇంక యా పెండ్లిలోనూ ఎయ్యరు. మా అన్న యా పెండ్లికి పోయినా ముందు లేసి ఆడేటోడు. ఆడనీ. నీ పేరే చెప్పు.”