సున్నితమైన చేతులు

ఆదివారం పొద్దున లేచేసరికి గేటు మీద ఎవరో నల్లరంగు పోసి వెళ్లారు. పలక మీద పేరు కనబడటం లేదు.

వార్తలాయన తడిగుడ్డతో తుడిచాడు. పోలేదు. ఊళ్లో అందరూ ఆయన్ని పిలిచేది అలాగే, వార్తలాయన అని. ఇరవై రెండేళ్లుగా రోజూ సాయంత్రం ఏడింటికి టీవీలో వార్తలు చదువుతున్నాడు. ఇన్నేళ్లలో ఎవరిచేతా ఒక్క మాట పడలేదు.

పడింది మొన్న బుధవారం. నది మీద కొత్త వంతెన కట్టించిన ఇంజనీరమ్మ స్టూడియోకి వచ్చింది. మాటల చివర్లో ఈయన మనసారా నవ్వుతూ, "ఇంత సున్నితమైన చేతులతో అంత పెద్ద వంతెన కట్టారంటే నమ్మలేకపోతున్నానండీ!" అన్నాడు. ఆవిడా నవ్వింది. లైట్లు ఆరాయి. అందరూ కాఫీ తాగి ఇళ్లకి వెళ్లారు.

ఎనిమిదిన్నరకి 'ఒక ప్రేక్షకురాలు' అనే పేరుతో నెట్‌లో ఓ పోస్టు వచ్చింది.

"ఇరవై రెండేళ్లుగా రోజూ ఈయన్ని చూస్తున్నాను. ఆడమనిషి చేసే పని ఈయన కంటికి ఎన్నడూ ఆనదు. ఇవాళ అంత వంతెన కూడా ఆనలేదు. చేతులు మాత్రం ఆనాయి."

గంటలో ఆవిడే ఆ పోస్టు తీసేసింది. ఏం లాభం? అప్పటికే దాని ఫొటోలు వేలల్లో తిరుగుతున్నాయి. తెల్లారేసరికి లక్షలు. "మగ ఇంజనీరొస్తే ఆయన చేతులూ చూస్తావా?" అని ఒకరు. "ఏడింటికి టీవీలు కట్టేయండి" అని ఇంకొకరు. "పాపం, మెచ్చుకున్నాడు కదా" అన్నవాళ్లనీ ఉతికి ఆరేశారు. "నాకేం బాధ కలగలేదు" అని ఇంజనీరమ్మ చెప్పబోతే ఆవిడకీ చీవాట్లు పడ్డాయి.

శుక్రవారం చానెల్ డైరెక్టరు పిలిచాడు.

"మీరు కొన్నాళ్లు వార్తలు చదవొద్దు. సోమవారం దాకా చూస్తాను. మొదట రాసినావిడ చేత 'సరే' అనిపించండి. లేకపోతే మీ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టక తప్పదు."

"ఆవిడెవరో నాకేం తెలుసండీ?"

"నాకు మాత్రం తెలుసా? మెసేజ్ పెట్టండి. కాళ్లావేళ్లా పడండి."

అప్పట్నుంచీ పెడుతూనే ఉన్నాడు. అవతల చదివినట్టు గుర్తు పడుతోంది. జవాబు మాత్రం లేదు.

హాస్టల్ నుంచి కూతురు ఫోన్ చేసింది. "ఎందుకన్నావు నాన్నా ఆ మాట? క్లాసులో తలెత్తుకోలేకపోతున్నాను." ఫోను భార్యకిచ్చేశాడు.

భార్య ఆయన్ని ఏమీ అనలేదు. మామూలు రోజుల్లో అయితే ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే ఓ చీటీ చేతికిచ్చేది. "ఇవాళ 'ప్రాధాన్యం' అనాల్సింది, 'ప్రాధాన్యత' అన్నారు" అనేది. ఆయన "ఊఁ" అని చీటీ జేబులో వేసుకునేవాడు. మళ్లీ ఆ తప్పు దొర్లేది కాదు. 'మీ నోట ఒక్క తప్పు రాదండీ' అని లోకమంతా మెచ్చుకునేది. ఇప్పుడు వార్తలూ లేవు, చీటీలూ లేవు.

శనివారం మాత్రం కూరలు తరుగుతూ, "నిజంగానే అంత సున్నితంగా ఉన్నాయా ఆవిడ చేతులు?" అనడిగింది.

"పీకల మీదకొచ్చి నేనేడుస్తుంటే, ఇప్పుడదా ప్రశ్న?" ఫోనులోంచి తలెత్తకుండానే కసిరాడు.

ఇవాళ గేటుకి రంగు. అంతటితో పోలేదు. పదింటికి ఓ పదిమంది గేటు దగ్గర చేరి కేకలు మొదలుపెట్టారు. రాయొకటి కిటికీ అద్దం పగలగొట్టుకుని వచ్చి సోఫా పక్కన పడింది. ఆయన గోడవారకి నక్కాడు. భార్య చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

"చాలు! ఇంక చాలు! పొండి ఇక్కణ్ణుంచి!"

ఆవిడకి అంత గొంతుందని ఆయనకి తెలీదు. వాళ్లూ జంకి, గొణుక్కుంటూ వెళ్లిపోయారు. ఆవిడ లోపలికొచ్చి గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టింది.

"ఆవిడకి ఏమని రాస్తున్నారు?" కాసేపటికి అడిగింది.

ఫోను చూపించాడు. 'నా మాట వల్ల మీ మనసు నొచ్చుకుని ఉంటే క్షమించగలరు.'

"ఆ 'ఉంటే' ఏమిటి?"

"మర్యాదగా ఉంటుందని."

"నొచ్చుకోబట్టేగా రాసింది! 'ఉంటే' తీసెయ్యండి." చేటలో పెంకులు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆ పోస్టు మళ్లీ తీశాడు. ఇన్నాళ్లూ దానికి జవాబు వెతుక్కుంటూ చదివాడు. ఈసారి ఊరికే చదివాడు. ఇరవై రెండేళ్లు. రోజూ. ఎవరో ఒకావిడ ఏదో గదిలో కూర్చుని తనవైపే చూస్తూ ఉంది. తను చూసింది కెమెరాని.

మెల్లగా, ఒక్కొక్క అక్షరమే కొట్టాడు.

'అమ్మా, మీ మనసు నొప్పించాను. ఇన్నేళ్లుగా మీరు నన్ను చూస్తున్నారు. నేను మాత్రం మిమ్మల్ని ఒక్కరోజూ చూడలేదు. తప్పు నాదే. ఉద్యోగం కోసం అడగడం లేదు. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. క్షమించండి.'

పంపాడు. చదివినట్టు గుర్తు పడింది. ఒక నిమిషం. రెండు. మెసేజ్‌లు మొదలుపెట్టాక మొదటిసారి, అవతల ఎవరో టైపు చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్లీ కదిలాయి.

'ఒక ప్రేక్షకురాలు' దగ్గర్నుంచి జవాబొచ్చింది: 'సరే, లేచి రండి, వడ్డించి పావుగంటైంది, చల్లారిపోతోంది.'