నెమలికి ఎదురుగాలి

ఆ అడవిలో ప్రతి ఆదివారం సైకిలు పందెం జరిగేది. చివర వచ్చినవాళ్లు అందరి సైకిళ్లూ కడగాలి. ఆ పని ఎప్పుడూ నెమలికే పడేది.

పాపం, నెమలి చేయని ప్రయత్నం లేదు. బరువు తగ్గాలని బెల్లు పీకేసింది, స్టాండు పీకేసింది, చివరికి పొద్దున తినే గింజలు కూడా మానేసింది. అయినా వెనకే.

"నీ కిటుకేమిటి ఉడుతా?" అని ఓరోజు ఉండబట్టలేక అడిగింది.

"ఏముంది బావా! పంది మావయ్య వీపు చాటున తొక్కుతా. గాలి దెబ్బంతా ఆయనే తింటాడు. నువ్వేమో పురి విప్పుకుని గాలికి ఎదురెళ్తావు. నిన్ను ఆపేది బరువు కాదు, ఆ పింఛం. ముడుచుకో!"

"ముడుచుకుంటే నన్ను చూసి కోడిపుంజనుకోరూ?"

కానీ బురద కడిగి కడిగి విసుగెత్తి, ఆ ఆదివారం నెమలి పింఛం ముడుచుకుని, మెడ వంచి తొక్కింది. రివ్వుమని అందరికన్నా ముందు, పందెం ముగిసే వాగొడ్డుకు చేరింది. దిగి చూస్తే ఇంకా ఎవరూ రాలేదు. మెచ్చుకోవడానికి అక్కడ ఒక్క కప్ప కూడా లేదు.

మరుసటి ఆదివారం మళ్లీ పురి విప్పుకునే వచ్చింది.

సాయంత్రం నెమలి, ఉడుత సైకిలు కడుగుతూ నిట్టూర్చింది. "ఏం చేస్తాం! ఈ అడవిలో నా ఒక్కడికే ఎదురుగాలి."