కొత్త దొర

"ఛీ, ఏమిటే ఆ కంపు?" గుర్రం మీది నుంచే ముక్కు మూసుకున్నాడు సెర్లో. ఇంగ్లండును గెలిచిన నార్మన్ రాజు ఈ ఊరిని అతనికి ఈనాముగా ఇచ్చి వారమైంది.

"గుర్రపు తోలు దొరా. ఉడికితే తింటాం," అంది ముసలి వుల్ఫ్‌రూన్, కుండ కలుపుతూ.

"ధాన్యమేదీ?"

"పోయిన చలికాలం మీ నార్మన్లే గాదెలు తగలబెట్టారు గదా. విత్తనాలు కూడా మిగల్చలా."

వాగు పక్కన బొగ్గయిన గాదెలను సెర్లో గుర్తుపట్టాడు. మొదటి కాగడా విసిరింది తనే. అప్పుడవి శత్రువుల గాదెలు.

"ఈ ఊరిప్పుడు నాది," అన్నాడు.

"తీసుకోండి దొరా. ఆకలికి చచ్చి, చర్చి వెనక మేం పాతిపెట్టినవాళ్ళూ ఇక మీవాళ్ళే."

సెర్లోకు తన మీద తనకే రోత పుట్టింది. గుర్రం దిగి, రొట్టెల మూట ఆమె ముందు పెట్టాడు.

"కాగడా విసిరిన చెయ్యి ఇదే. నాకు గుర్తుంది," అంది వుల్ఫ్‌రూన్. "దీని కూడు మాకొద్దు."

మూటను కాలితో పక్కకు నెట్టింది.